చెన్నై–బెంగళూరు హైస్పీడ్ రైలు: మనవాళ్లు అడిగే ప్రశ్నలు

మాది చిత్తూరు జిల్లాలో కుప్పం దగ్గర పల్లె. బెంగళూరు వచ్చి 14 ఏళ్లయింది. వంతెనల డిజైన్ నా పని. మా నాన్న రైల్వేలో రోజూ పట్టాల వెంట నడుస్తూ బిగింపులు చూసే కీమ్యాన్‌గా చేసి రిటైరయ్యారు. 2026 బడ్జెట్‌లో హైస్పీడ్ కారిడార్ల మాట వచ్చినప్పటి నుంచి ఊళ్లో బంధువులూ, మా అపార్ట్‌మెంట్‌లోని తెలుగువాళ్లూ, చెన్నైలో ఉన్న స్నేహితులూ నన్ను ఒకటే ప్రశ్నలు అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. ఇంజనీరింగ్ సంగతులు కాస్త ఎక్కువే రాశాను. భూమి గురించి, స్టేషన్ గురించి అడిగేవాటికి సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

వందే భారత్ ఉంది కదా, అది హైస్పీడ్ రైలు కాదా?

కాదు. అంతర్జాతీయ రైల్వే సంఘం యూఐసీ లెక్క ప్రకారం, కొత్తగా వేసిన లైను మీద గంటకు 250 కి.మీ. లేదా అంతకు మించి నడిస్తే హైస్పీడ్. పాత లైనును బాగుచేసి నడిపితే 200 చాలు. వందే భారత్‌ను 180 దాకా పోయేలా తయారుచేశారు, నడిపే గరిష్ఠ వేగం 160. దక్షిణాదిలో మొదటి వందే భారత్ మన చెన్నై–మైసూరు బండే, 2022 నవంబర్ 11న మొదలైంది. చెన్నై నుంచి బెంగళూరుకు దాదాపు 360 కి.మీ. రావడానికి దానికి నాలుగున్నర గంటల దాకా పడుతుంది. అంటే సగటున గంటకు 80.

ఇందులో బండి తప్పేమీ లేదు. పెరంబూరులోని రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో మనవాళ్లు చేసిన మంచి బండి అది. కింద ఉన్న లైను అంతకు మించి ఒప్పుకోదు. వేగం బండిలో కన్నా లైనులో ఎక్కువ ఉంటుందని గుర్తుపెట్టుకుంటే కింది జవాబులన్నీ సులువుగా అర్థమవుతాయి.

అయితే ఉన్న లైనునే గట్టి చేసి నడపొచ్చు కదా? కొత్తది ఎందుకు?

జోలార్‌పేట దాటి కుప్పం వైపు ఎక్కేటప్పుడు కిటికీ పక్కన కూర్చుంటే, మలుపులో మన రైలు ఇంజను మనకే కనబడుతుంది. చిన్నప్పుడు అది చూడడానికి పోటీపడి కిటికీ దగ్గర కూర్చునేవాళ్లం. ఆ మలుపుల్లోనే ఉంది చిక్కు.

మలుపులో మనల్ని పక్కకు నెట్టే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే నెట్టుడు నాలుగింతలు. 130తో పోయే రైలుకు ఒక కిలోమీటరు వ్యాసార్ధం ఉన్న వంపు సరిపోయిందనుకోండి. అదే నెట్టుడుతో 320తో పోవాలంటే ఆరు కిలోమీటర్ల వ్యాసార్ధం కావాలి. ముంబయి–అహ్మదాబాద్ లైనుకు పెట్టుకున్న కనీస వ్యాసార్ధం కూడా 6,000 మీటర్లే. జపాన్‌వాళ్లు 1964లో టోక్యో–ఒసాకా లైను వేసినప్పుడు 210 వేగానికని 2,500 మీటర్ల వంపులు పెట్టారు. తర్వాత ఎంత మంచి బండ్లు వచ్చినా, ఆ లైనులో ఇవాళ్టికీ 285 దాటడం లేదు. వేసినప్పుడు పెట్టిన వంపే 60 ఏళ్ల తర్వాత కూడా బండిని పట్టి ఉంచుతుంది.

ఊళ్లో రైతులు గమనించాల్సింది కూడా ఇదే. రోడ్డయితే చెరువు అడ్డమొస్తే పక్కకు తిప్పుతారు, గుడి ఉంటే చుట్టూ వేస్తారు. ఈ లైను అలా తిరగలేదు. ఒక ఊరిని తప్పించాలంటే చాలా కిలోమీటర్ల ముందు నుంచే పక్కకు జరుగుతూ రావాలి. కాబట్టి మార్పు అడగాలంటే గీత గీస్తున్నప్పుడే అడగాలి. స్తంభాలు లేచాక అడిగి లాభం లేదు.

ఇవి కాక పాత లైను మీద గూడ్సు, ప్యాసింజరు, ఎక్స్‌ప్రెస్ అన్నీ కలిసే నడుస్తాయి. గేట్లుంటాయి, గొడ్లు అడ్డం వస్తాయి. 300తో వచ్చే బండి ముందు 60తో పోయే గూడ్సు ఉంటే ఆ వేగం ఎందుకూ పనికిరాదు. జపాన్ ఈ తిరకాసునంతా ఒక్కసారిగా వదిలించుకుంది. వాళ్ల పాత పట్టాల మధ్య దూరం 1,067 మిల్లీమీటర్లు. కొత్త లైనును 1,435తో, ఒక్క గేటు కూడా లేకుండా పూర్తిగా వేరే వేసుకున్నారు. మన బ్రాడ్‌గేజ్ 1,676. ముంబయి–అహ్మదాబాద్ లైను 1,435తోనే వస్తోంది కాబట్టి ఆ బండి మన పాత పట్టాల మీదికి రాదు. ఈ సంగతి స్టేషన్ ప్రశ్న దగ్గర మళ్లీ పనికొస్తుంది.

చెన్నై సముద్రం ఒడ్డున ఉంది, బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉంది. మొగిలి ఘాట్ లాంటి చోట ఎలా ఎక్కుతుంది?

ఎక్కుతుంది, గూడ్సు బండి కన్నా హాయిగా. బరువు లాగే బండికి నూటికి ఒక అడుగు ఎత్తు ఎక్కడమే కష్టం. హైస్పీడ్ లైను మీద గూడ్సు నడవదు, బండి తేలిక, మోటార్లు ఒక్క ఇంజనులో కాకుండా చాలా పెట్టెల కింద పంచి ఉంటాయి. ఫ్రాన్స్ 1981లో ప్యారిస్–లియోన్ లైను తెరిచినప్పుడు నూటికి మూడున్నర వాలు దాకా ఒప్పుకుంది. దాంతో ఆ లైను మొత్తంలో ఒక్క సొరంగం కూడా తవ్వాల్సిన పని పడలేదు. జర్మనీలో కొలోన్–ఫ్రాంక్‌ఫర్ట్ మధ్య నూటికి నాలుగు కూడా ఉంది. ఎత్తు సమస్య కాదు. ఎత్తుతో పాటు వచ్చే వంపులే సమస్య. ఘాట్ రోడ్డులా మెలికలు తిరుగుతూ ఎక్కడం కుదరదు గనక కొండ దగ్గర సొరంగమో, ఎత్తయిన వంతెనో తప్పదు.

వీడియోల్లో అంతా వంతెన మీదే పోతున్నట్టుంది. నేల మీద వేస్తే ఖర్చు తగ్గదా?

నా పనికి దగ్గరి ప్రశ్న ఇది, కాస్త ఓపిగ్గా చదవండి.

నేల మీద వేస్తే కట్ట పోయాలి. కట్ట అడుగున వెడల్పు ఎక్కువ కాబట్టి భూమి ఎక్కువ పోతుంది. మట్టి ఏళ్ల తరబడి కొంచెం కొంచెం కుంగుతుంది. 100తో పోయే రైలుకు పట్టా కొన్ని మిల్లీమీటర్లు దిగితే మా నాన్నవాళ్ల గ్యాంగు వచ్చి కంకర కూరి సరిచేసేది. 320తో పోయే బండికి ఆ కొన్ని మిల్లీమీటర్లే పెద్ద కుదుపు. పైగా నేల మీద కట్ట వేస్తే ఊరికీ పొలానికీ మధ్య గోడ కట్టినట్టే. వంతెనయితే కింద దారి, కాలువ, గొడ్లు తిరిగే చోటు మిగులుతాయి. ముంబయి–అహ్మదాబాద్‌లో వంతెన భాగానికి తీసుకున్న వెడల్పు 17.5 మీటర్లే.

అక్కడ వంతెన మీద పరిచే గడ్డర్లు 40 మీటర్ల పొడవు, ఒక్కోటి దాదాపు 970 టన్నులు. మన మెట్రో వంతెనలకు చిన్న ముక్కలు పోసి తీగలతో బిగించి కలుపుతారు, చూసే ఉంటారు. ఇక్కడ 40 మీటర్లనూ యార్డులో ఒక్కటిగా పోసి, అప్పటికే కట్టిన వంతెన మీదుగానే మోసుకెళ్లి ముందున్న స్తంభాల మీద దించుతారు. పని చాలా తొందరగా సాగుతుంది.

అంత బరువెందుకు? రైలు బరువు మోయడానికైతే అంత అక్కర్లేదు. ఊయల ఊపడం గుర్తు తెచ్చుకోండి. సరిగ్గా దాని లయలో చిన్నగా తోసినా ఊయల ఎంతో ఎత్తుకు పోతుంది. ఒక్కో పెట్టె పొడవు 25 మీటర్లు, వేగం 320 అయితే వంతెన మీద సెకనుకు మూడున్నర దెబ్బలు ఒకే లయలో పడతాయి. వంతెన సొంత ఊపు కూడా అదే లయలో ఉంటే ప్రతి పెట్టెకీ ఊగిసలాట పెరిగిపోతుంది. అది జరక్కుండా వంతెనను బిగువుగా చేయాలి. అందుకే మామూలు రైలు వంతెనలో విరగకుండా ఉండడం గురించి ఎక్కువ ఆలోచిస్తాం, ఇందులో ఊగకుండా ఉండడం గురించి ఆలోచిస్తాం. వంతెన పైన కంకర కూడా ఉండదు. కాంక్రీటు పలకల మీదే పట్టాలు బిగిస్తారు.

అంత వేగంలో డ్రైవర్‌కు సిగ్నల్ ఎలా కనబడుతుంది?

కనబడదు. 320 అంటే సెకనుకు 89 మీటర్లు. రెప్ప వేసి తెరిచేలోపు స్తంభం వెనక్కి పోతుంది. అందుకే పక్కన సిగ్నళ్లు పెట్టరు. ఎంత వేగంతో పోవాలో డ్రైవర్ ముందున్న తెర మీదే కనబడుతుంది. దాటితే బండే బ్రేకు వేసుకుంటుంది. ఆ వేగం నుంచి పూర్తిగా ఆగడానికి సుమారు నిమిషంన్నర సమయం, నాలుగు కిలోమీటర్ల దూరం పడుతుంది. బ్రేకు వేసేటప్పుడు మోటార్లే జనరేటర్లయి కరెంటును తీగలోకి వెనక్కి పంపుతాయి.

ముక్కు ఎందుకంత పొడుగు?

సొరంగం కోసం. వేగంగా దూరిన రైలు లోపలి గాలిని పిచికారీలా నెడితే అవతలి చివర తుపాకీ పేలినట్టు చప్పుడు వస్తుంది. పక్కన ఊళ్లవాళ్లు భరించలేరు. జపాన్‌లో ఐజీ నకాట్సు అనే ఇంజనీరుకు పక్షులను గమనించే అలవాటుంది. లకుముకి పిట్ట నీళ్లలోకి చప్పుడు లేకుండా దూకడం చూసి, ఆ ముక్కు ఆకారాన్ని 1997లో వచ్చిన 500 సిరీస్ బండికి తీసుకున్నారు. మన చెరువు గట్ల మీద కనబడే పిట్టే అది.

కరెంటు ఎంత తాగుతుంది? పర్యావరణానికి మంచిదేనా?

వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలు అవుతుంది, దాన్ని తోయడానికి కావలసిన పవర్ ఎనిమిదింతలు. కాబట్టి 300తో పోయే బండి 160తో పోయే బండికన్నా ఎక్కువే తాగుతుంది, అందులో దాపరికం లేదు. కానీ నిండుగా నడిస్తే ఒక మనిషి లెక్కన విమానంతో పోల్చితే చాలా తక్కువ. ఆ కరెంటు బొగ్గు నుంచి వస్తోందా, ఎండ నుంచి వస్తోందా అన్నదాన్ని బట్టి మేలు పెరుగుతుంది, తగ్గుతుంది. కట్టేటప్పుడు పోసే సిమెంటు, ఉక్కు లెక్క కూడా ఉంది. బండ్లు ఖాళీగా తిరిగితే ఆ లెక్క ఎన్నేళ్లకీ తీరదు.

మన దారిలో నాకు దిగులు కలిగించేవి రెండు. ఒకటి కౌండిన్య అభయారణ్యం. పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు పొలాల్లోకి రావడం మనకు కొత్త కాదు. వంతెన కింద నుంచి ఏనుగులు పోగలవు. కట్టే ఏళ్లలో పడే లైట్లు, చప్పుడు, లారీల దారులే వాటిని ఊళ్ల మీదికి తోలతాయి. రెండోది నీళ్లు. సొరంగం తవ్వేచోట భూగర్భజలం దిగిపోయే ప్రమాదం ఉంటుంది. జపాన్‌లో షిజుఓకా ప్రాంతం ఓయి నది నీళ్లు తగ్గుతాయని అభ్యంతరం చెప్పడంతో అక్కడి మాగ్లెవ్ (అయస్కాంత బలంతో తేలుతూ పోయే రైలు) లైను 2027 గడువును వదులుకోవాల్సి వచ్చింది. వెయ్యి అడుగులు బోరు వేసినా నీళ్లు పడని కోలారు, చిత్తూరు జిల్లాల్లో ఈ ప్రశ్న మనం ఇంకా గట్టిగా అడగాలి.

భూకంపం వస్తే?

జపాన్ అనుభవమే చెబుతాను. అక్కడి హైస్పీడ్ బండ్లను షింకన్‌సెన్ అంటారు. నేల గట్టిగా ఊగడానికి ముందు వచ్చే చిన్న అలలను పసిగట్టి కరెంటు తీసేస్తారు, బండి బ్రేకు పడుతుంది. 2011 మార్చి 11న వచ్చిన మహా భూకంపంలో ప్రయాణికులున్న ఒక్క షింకన్‌సెన్ కూడా పట్టా తప్పలేదు. 2004లో నీగాతా భూకంపంలో ఒకటి పట్టా తప్పింది గానీ అందులో ఎవరికీ దెబ్బ తగల్లేదు. ముంబయి లైనుకూ అలాంటి పరికరాలే పెడుతున్నారు.

ఇంత వేగం, ప్రమాదం జరిగితే ఎవరైనా మిగులుతారా? అమ్మ భయపడుతోంది.

అమ్మ భయం సహజం. 1964 నుంచి ఇప్పటిదాకా షింకన్‌సెన్‌లో పట్టా తప్పడం వల్ల గానీ, ఢీకొనడం వల్ల గానీ ఒక్క ప్రయాణికుడూ చనిపోలేదు. ఇది అమ్మకు చెప్పండి. అయితే మిగతా దేశాల్లో జరిగిన ఘోరాలు దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు.

1998 జూన్ 3న జర్మనీలో ఎషెడే దగ్గర ఐసీఈ అనే హైస్పీడ్ రైలు చక్రం పైనున్న ఇనుప పట్టీ అలసట పగులుతో విరిగింది. కుదుపు తగ్గించడానికని చక్రానికీ పట్టీకీ మధ్య రబ్బరు పెట్టిన డిజైన్ అది. బండి వంతెన స్తంభాన్ని గుద్దుకుని 101 మంది చనిపోయారు. తర్వాత అలాంటి చక్రాలను తీసేసి ఒకే ముక్కలో పోసిన చక్రాలు పెట్టారు. 2011 జూలై 23న చైనాలో వెన్‌జౌ దగ్గర పిడుగుపాటుతో సిగ్నల్ పరికరాలు దెబ్బతిని ఒక రైలు వెనక ఇంకోటి గుద్దింది, 40 మంది పోయారు. 2013లో స్పెయిన్‌లో శాంటియాగో దగ్గర 80కి మించి పోకూడని మలుపులోకి బండి దాదాపు 180తో దూసుకెళ్లింది. సుమారు 80 మంది చనిపోయారు. ఆ మలుపు దగ్గర వేగాన్ని దానంతటదే తగ్గించే వ్యవస్థ లేదు, మొత్తం భారం డ్రైవర్ మీదే ఉంది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనబడేది ఒకటే. వేగం ఒక్కటే ప్రాణాలు తీయలేదు. చక్రం పరీక్షలో, సిగ్నల్ డిజైన్‌లో, లైను చివరి మలుపులో ఎక్కడో ఒకచోట చూపిన అశ్రద్ధ తీసింది. మనవాళ్లు లైను ఎప్పుడు తెరుస్తారని తొందరపెట్టేకన్నా, పరీక్షలు పూర్తిగా చేశారా అని అడిగితే నాకు సంతోషం.

మన దేశంలో ఎక్కడిదాకా వచ్చింది?

ముంబయి–అహ్మదాబాద్, 508 కి.మీ., 12 స్టేషన్లు. 2017 సెప్టెంబర్ 14న శంకుస్థాపన. నడిపే వేగం 320. ముంబయి వైపు 21 కి.మీ. సొరంగం, అందులో 7 కి.మీ. ఠాణే క్రీక్ నీళ్ల కింద. 2026 బడ్జెట్‌లో ప్రకటించిన ఏడు కారిడార్లలో మూడు మనవే: హైదరాబాద్–బెంగళూరు, హైదరాబాద్–చెన్నై, చెన్నై–బెంగళూరు.

మన రెండు నగరాలకూ గర్వంగా ఉండే సంగతి ఇంకొకటి. గంటకు 280 కి.మీ. డిజైన్ వేగంతో, 8 పెట్టెల బండ్లు రెండు తయారుచేయమని 2024 అక్టోబర్‌లో చెన్నై ఐసీఎఫ్ బెంగళూరు బీఈఎంఎల్‌కు ఆర్డరిచ్చింది. విలువ దాదాపు 867 కోట్లు. ఈ పని నేర్చుకున్న ఫిట్టర్లు, వెల్డర్లు మన తిప్పసంద్రలో, పెరంబూరులో తయారవుతారు.

చెన్నై నుంచి ఎంతసేపు? చిత్తూరులో ఆగుతుందా?

దూరం సుమారు 300 కి.మీ., సగటు వేగం 250 అనుకుంటే గంటా పావు. అన్నిచోట్లా ఆగే బండికి ఇంకాస్త ఎక్కువ. ఇదివరకు చెన్నై–మైసూరుకు అనుకున్న 435 కి.మీ. ప్రతిపాదనలో పూనమల్లి, అరక్కోణం, చిత్తూరు, బంగారపేట స్టేషన్లు ఉన్నాయి. తుది దారి ఖరారయ్యేలోపు మార్పులు రావచ్చు. చిత్తూరు నుంచి బెంగళూరుకు బస్సులో నాలుగు గంటలు పడుతోంది. ఆ స్టేషన్ వస్తే ముప్పావు గంట.

చిత్తూరుకు స్టేషన్ వస్తే ఊరు బాగుపడ్డట్టే కదా అన్నా?

తమ్ముడూ, స్టేషన్ వస్తే చాలదు, ఎక్కడ వస్తుందన్నదే అసలు సంగతి. ఈ పేజీ మొత్తంలో నేను గట్టిగా చెప్పదలుచుకున్నదీ ఇదే.

ఫ్రాన్స్‌లో ప్యారిస్ నుంచి ఉత్తరానికి లైను వేసేటప్పుడు రెండు ఊళ్లు పోటీపడ్డాయి. లీల్ నగర మేయరు పియెర్ మొర్వా పట్టుబట్టి లైను ఊరి మధ్య నుంచే పోయేలా చేసుకున్నారు. 1993లో రైలు వచ్చింది. స్టేషన్ చుట్టూ ఆఫీసులు, దుకాణాలు, సమావేశ మందిరాలు లేచాయి, మిల్లులు మూతపడిన ఊరు తిరిగి నిలబడింది. అమియాఁ అనే ఊరికి లైను దక్కలేదు. దానికీ సాఁ కాంతాఁ అనే మరో ఊరికీ నడుమ పొలాల్లో ఒక స్టేషన్ కట్టారు. ఏ ఊరి రైలూ అక్కడికి కలవదు. చుట్టూ బీట్‌రూట్ చేలు. అక్కడి జనం దానికి బీట్‌రూట్ స్టేషన్ అనే పేరు పెట్టారు.

జపాన్‌లో 1964లో వరిపొలాల మధ్య రెండు స్టేషన్లు వచ్చాయి. షిన్ యొకొహామా ఇవాళ ఆఫీసులతో కిటకిటలాడుతోంది, ఎందుకంటే నగరం నుంచి లోకల్ రైళ్లు, మెట్రో అక్కడికి వచ్చి కలిశాయి. గిఫు హషిమా మాత్రం చాలాకాలం పొలాల మధ్యే ఉండిపోయింది. తైవాన్‌లో 2007లో మొదలైన లైనుకు చాలా స్టేషన్లు ఊరి బయటే. తైనాన్‌వాళ్లు 2011లో ప్రత్యేకంగా ఒక చిన్న లైను వేసి తమ ఊరి స్టేషన్‌ను దానికి కలుపుకున్నారు.

ఇప్పుడు చిత్తూరుకు రండి. మన చిత్తూరు రైల్వేస్టేషన్ కాట్పాడి–పాకాల లైను మీద ఉంది, చెన్నై–బెంగళూరు మెయిన్ లైను మీద కాదు. కొత్త లైను కూడా ముంబయి లైనులాగే 1,435తో వస్తే గేజు వేరు, కాబట్టి బండి పాత స్టేషన్‌లోకి రాలేదు. కొత్త స్టేషన్‌ను పాతదాని పక్కనే, బస్టాండుకు దగ్గర్లో పెడితే తిరుపతి, కాణిపాకం, వేలూరు ఆస్పత్రి అన్నీ దానికి కలుస్తాయి. ఊరికి 20 కి.మీ. దూరంలో బైపాస్ పక్కన పెడితే రియల్ ఎస్టేట్ బోర్డులు లేస్తాయి, కార్లున్నవాళ్లు ఎక్కుతారు, పల్లె నుంచి వచ్చే ముసలావిడ ఆటోకే రైలు టికెట్టంత పెట్టాలి. మా ఇంట్లోనే జరిగిందిది. మా అత్త ఊరి నుంచి వచ్చి నగరంలో ఒక మూలనున్న టెర్మినల్‌లో దిగి, రైలు ఛార్జీకి మూడింతలు ఆటోకిచ్చి ఇంటికి చేరింది.

ఇంకో భయం కూడా ఉంది. జపాన్‌వాళ్లు దాన్ని స్ట్రా ఎఫెక్ట్ అంటారు. దగ్గరైన పెద్ద నగరం చిన్న ఊరి వ్యాపారాన్నీ, పిల్లల్నీ గొట్టంతో పీల్చినట్టు లాగేసుకుంటుంది. స్పెయిన్‌లో సియుదాద్ రియాల్ దీనికి ఎదురు నిలిచిన ఊరు. 1992లో మాడ్రిడ్‌కు గంటలోపు రైలు వచ్చింది. జనం ఊళ్లో ఉంటూనే మాడ్రిడ్‌లో ఉద్యోగాలు చేయసాగారు. వాళ్లకు సొంత విశ్వవిద్యాలయం ఉంది కాబట్టి అటు నుంచి ఇటు వచ్చేవాళ్లూ ఉన్నారు. మనకు మామిడి గుజ్జు పరిశ్రమ ఉంది, పాడి ఉంది, తిరుమలకు వచ్చే జనం ఉన్నారు. వీటిని స్టేషన్‌కు ఎలా కలుపుతామో ఇప్పటి నుంచే అడగాలి.

టికెట్ మనబోటివాళ్లకు అందుతుందా?

లైను ఒక్క ధరకే నడవాలని లేదు. ఫ్రాన్స్ 2013లో విగో పేరుతో చవక హైస్పీడ్ బండ్లు మొదలుపెట్టింది. స్పెయిన్ 2021 నుంచి ఒకే లైను మీద పోటీ కంపెనీలను అనుమతించాక మాడ్రిడ్–బార్సిలోనా ధరలు బాగా తగ్గాయి. తైవాన్‌లో ముందుగా కొంటే తగ్గింపు. రోజూ ఉద్యోగానికి పోయేవాళ్లకు నెల పాస్ పెట్టకపోతే మాత్రం చిత్తూరులో ఉంటూ బెంగళూరులో పనిచేయడం పెద్ద జీతగాళ్లకే కుదురుతుంది.

విమానాలు మూతపడతాయా?

ఈ దూరంలో చాలావరకు తగ్గుతాయి. తైవాన్‌లో తైపే–కావ్‌షుంగ్ విమానాలు 2012లో ఆగిపోయాయి. మారతహళ్లి నుంచి దేవనహళ్లి విమానాశ్రయం, అక్కడ చెకింగ్, గంట ప్రయాణం, మీనంబాక్కం నుంచి టీ నగర్: లెక్కేసుకుంటే సగం రోజు.

ఇంత డబ్బుతో ఉన్న రైళ్లలో జనరల్ బోగీలు పెంచొచ్చు కదా?

న్యాయమైన ప్రశ్న. నా మనసులోనూ ఉన్న ప్రశ్న. ముంబయి లైనుకు మొదట వేసిన అంచనా 1.08 లక్షల కోట్లు. అందులో 81 శాతం జపాన్ ప్రభుత్వ సంస్థ జైకా ఇచ్చే అప్పు: 0.1 శాతం వడ్డీ, 50 ఏళ్లు, మొదటి 15 ఏళ్లు వాయిదా లేదు. వడ్డీ దాదాపు లేనట్టే గానీ తీర్చేది యెన్‌లలో. రూపాయి పడిపోతే భారం పెరుగుతుంది. తైవాన్‌లో ప్రైవేటు కంపెనీ అప్పుల్లో కూరుకుపోతే 2015లో ప్రభుత్వం ఎక్కువ వాటా తీసుకుని, నడిపే గడువును 35 నుంచి 70 ఏళ్లకు పొడిగించాల్సి వచ్చింది.

అయినా నేను ఈ లైను కావాలనే అంటాను, ఒక షరతు మీద. వేగం బండ్లు వేరే దారికి పోతే పాత లైను మీద చోటు మిగులుతుంది. ఆ చోటులో కుప్పం, బంగారపేట నుంచి రోజూ పనికి వచ్చే జనానికి మరిన్ని మెమూలు, జనరల్ పెట్టెలు వేయాలి. జపాన్ ఈ లైను వేయడానికి అసలు కారణం పాత లైను కిక్కిరిసిపోవడమే. పాత లైను జనాన్ని మరిచిపోయే పక్షంలో నేను దీన్ని సమర్థించను.

మామా, మన పొలం పోతే ఎంతిస్తారు?

2013 భూసేకరణ చట్టం ప్రకారం పల్లెల్లో మార్కెట్ విలువను దూరాన్ని బట్టి ఒకటి నుంచి రెండింతలు లెక్కగట్టి, దానికి అంతే సొమ్ము పరిహారంగా కలుపుతారు. అంటే నాలుగింతల దాకా. పట్టణంలో రెండింతలు. చెట్లు, బావి, బోరు, ఇల్లు విడిగా లెక్కకడతారు. చిక్కు ఎక్కడంటే, మార్కెట్ విలువను రిజిస్టరైన క్రయపత్రాల నుంచే తీస్తారు. మన పల్లెల్లో అమ్మకాలు తక్కువ విలువకు రాయించుకోవడం అలవాటు. ఆ తక్కువ ఇప్పుడు ఎదురు తిరుగుతుంది.

ఇప్పుడే చేసుకోవాల్సిన పని: తాతల పేరు మీదే ఉన్న భూమికి భాగపరిష్కారం రిజిస్టర్ చేయించుకోండి, పాసుపుస్తకం, 1బి, అడంగల్‌లో పేర్లు, విస్తీర్ణం సరిచూసుకోండి. అన్నదమ్ముల తగాదా ఉంటే డబ్బు కోర్టులో పడి ఏళ్లు గడుస్తాయి. కౌలుకు చేసేవాళ్లకూ, ఆ పొలం మీదే కూలితో బతికేవాళ్లకూ మూడేళ్లుగా ఉన్నట్టు చూపగలిగితే చట్టంలో చోటుంది. వాళ్ల దగ్గర కాగితం ముక్క ఉండదు. కాబట్టి గ్రామసభలో వాళ్ల పేర్లు రాయించే బాధ్యత భూమి ఉన్నవాళ్లు తీసుకోవాలి.

మీ నాన్నగారిలాంటి కీమ్యాన్ల పని ఇక ఉండదా?

రూపం మారుతుంది. మా నాన్న సుత్తి, స్పానర్, ఎర్రజెండా పట్టుకుని తెల్లవారకముందే బయల్దేరేవారు. తన బీటులో ప్రతి బిగింపునూ చూస్తూ నడిచేవారు. జపాన్‌లో ఆ పనిలో కొంత డాక్టర్ ఎల్లో అనే పసుపు రంగు పరీక్ష బండి చేసింది. అది మామూలు వేగంతోనే పోతూ పట్టా వంపులు, పైతీగ అరుగుదల కొలిచేది. అయినా మనుషులు పోలేదు. రాత్రి 12 నుంచి ఉదయం 6 దాకా షింకన్‌సెన్ బండ్లు నడవవు. ఆ ఆరు గంటల్లో పట్టా మీదికి దిగేది మనుషులే.

నాన్నకు ఫోన్‌లో వీడియో చూపించాను. బండి వంక ఎక్కువసేపు చూడలేదు. ఆపమని, పట్టా పక్కనున్న క్లిప్పులను పెద్దది చేసి చూశారు. "ఇవి ఎన్నాళ్లకోసారి చూస్తార్రా?" అని అడిగారు. రాత్రి పని అయ్యాక, మొదటి బండి పోకముందు, లైను మీద ఏ పనిముట్టూ మరిచిపోలేదని చూసుకోవడానికి తెల్లవారుజామున ఒక చిన్న బండి రోజూ తిరుగుతుందని చెప్పాను. "రోజూనా?" అన్నారు. రోజూ అన్నాను.